వేసవిలో కొండ మీద అధ్యయన శిబిరం: గోదావరి డెల్టా వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం, రామచంద్రపురం వైపు నుంచి ముప్పై నలభై మంది కలిసి, వేసవిలో ఒక వారం కొండ మీద ఉండి గీతో భాగవతమో చదువుకుని, కాస్త విశ్రాంతి తీసుకుని రావాలనుకునేవాళ్ళ కోసం ఇది. వచ్చేవాళ్ళు అడిగేవీ, నడిపేవాళ్ళు అడిగేవీ కలిపే ఇచ్చాం.

ఇది తీర్థయాత్రా? విహారయాత్రా?

రెండూ కాదు. యాత్రలో రోజుకో ఊరు, రోజుకో గుడి. ఇక్కడ వారం రోజులూ ఒకే చోట, ఒకే పాఠం. పొద్దున చదువు, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం నడక, రాత్రి తొమ్మిదికి దీపాలు ఆర్పేయడం. "ఇంత దూరం వచ్చాం కదా, బొర్రా గుహలు కూడా చూసేద్దాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒక్క రోజు వదిలితే మర్నాడు సగం మంది కాళ్ళ నొప్పులతో పాఠానికి రారు, వచ్చినవాళ్ళు కునుకుతారు. చూడాలనుకున్నవి తిరుగు ప్రయాణం రోజుకు పెట్టుకోండి.

ఏ రోజుల్లో పెట్టుకోవాలి?

మే మొదటి రెండు వారాలు మనకు బాగా కుదురుతాయి. అప్పటికి దాళ్వా (రెండో పంట) కోతలు, నూర్పిళ్ళు అయిపోతాయి. కాలువలు కట్టేస్తారు కాబట్టి చేలో పని ఉండదు. పిల్లలకు బడి సెలవులు. కృత్తిక కార్తె, దాని వెనక రోహిణి కార్తె ఇంకా ముదరవు. జూన్ మొదట్లో కాలువలకు నీళ్ళు వదిలి నారుమడుల మాట మొదలైతే ఇక రైతులెవరూ కదలరు.

అయితే మూడు అడ్డంకులున్నాయి. మొదటిది ఆవకాయ. కాయ సిద్ధమైన వారంలో ఇంట్లో ఆడవాళ్ళను రమ్మంటే ఎవరూ రారు, రమ్మనడం న్యాయం కూడా కాదు. అందుకే తేదీ ఖాయం చేసేముందు వాళ్ళను అడగండి. రెండోది పెళ్ళిళ్ళు. వైశాఖంలో మంచి ముహూర్తాలు ఎక్కువ, పంచాంగం ముందు పెట్టుకునే తేదీ చూసుకోవాలి. మూడోది తుపాను. మే నెలలో బంగాళాఖాతం ఊరుకోదు: 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, 2022 మేలో అసాని మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరాన్ని తాకింది. బయల్దేరడానికి అయిదు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ సమాచారం చూస్తూ ఉండండి. వాయుగుండం కబురు ఉంటే ఘాట్ రోడ్డు ఎక్కకండి. బస మాట్లాడేటప్పుడే, తుపాను వస్తే తేదీ మార్చుకునేలా ఒప్పందం రాయించుకోండి.

రొయ్యల చెరువులున్నవాళ్ళు వారం వదిలి రాగలరా?

కష్టం. రాత్రిపూట నీళ్ళకు గాలి అందించే ఏరియేటర్ ఆగిపోతే తెల్లారేసరికి చెరువు పోతుంది. ఆ భయం మనసులో పెట్టుకుని కూర్చున్నవాళ్ళకు పాఠం ఎక్కదు. రొయ్యల పట్టుబడి అయిపోయి చెరువు ఎండబెట్టిన వాళ్ళను పిలవండి. మిగతావాళ్ళకు మొదటి మూడు రోజులైనా కుదిరితే చాలు, పాఠాన్ని కూడా అందుకు తగ్గట్టే విడదీయొచ్చు (ఆ సంగతి కింద చెప్పాం). పాడి ఉన్నవాళ్ళు పితికే మనిషిని ముందే కుదుర్చుకుని, మూడు రోజులు దగ్గరుండి గేదెకు ఆ మనిషిని అలవాటు చేసి రావాలి. కొత్త చెయ్యి పడితే పాలు ఎగబెడుతుంది.

ఏ కొండకు వెళ్ళాలి?

మూడు దారులున్నాయి. మారేడుమిల్లి అన్నిటికన్నా దగ్గర. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు, బస్సులో రెండున్నర గంటలు. అడవి నీడ బాగుంటుంది. కానీ ఊరు పెద్ద ఎత్తులో లేదు. మే మధ్యాహ్నం అక్కడా ఉక్కే, రాత్రులు మాత్రం హాయి. నాలుగైదు రోజుల చిన్న శిబిరానికి, పెద్దవాళ్ళు ఎక్కువగా ఉన్న బృందానికి ఇదే మంచిది.

అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క, కాబట్టి విశాఖలో 36 ఉంటే ఇక్కడ 30 చుట్టుపక్కల. మనవాళ్ళకు వేడి తగ్గడం కన్నా చెమట తగ్గడం ఎక్కువ సుఖంగా ఉంటుంది. పుస్తకం పేజీ చేతికి అంటుకోకుండా చదవడం మన ఊళ్ళో మే నెలలో కుదరని పని. ఎండలోకి వెళ్తే మాత్రం ఎండ ఎండే, "చల్లటి కొండ" అని గొడుగు మానకండి. గదులు, వంటశాలలు, ఆసుపత్రి, రైలు అన్నీ ఉన్నాయి కాబట్టి మొదటిసారి వెళ్ళే బృందానికి మేం అరకే చెబుతాం.

లంబసింగి, చింతపల్లి వైపు సుమారు వెయ్యి మీటర్లు. జనం తక్కువ, వేసవిలో ఇంకా తక్కువ. పెద్ద బృందానికి ఒకే చోట గదులు దొరకడం కష్టం. ఒకటి రెండు శిబిరాలు నడిపిన అనుభవం వచ్చాక చూడండి.

ప్రయాణం ఎలా?

అరకుకు రైలు విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరుతుంది. కాబట్టి ముందు రోజు రాత్రికే విశాఖ చేరి పడుకోవాలి. భీమవరం, తణుకు వాళ్ళకు రైలు ఉంది. కోనసీమ వాళ్ళు రాజమండ్రి వచ్చి ఎక్కాలి. బస్సయితే శృంగవరపుకోట మీదుగా విశాఖ నుంచి 115 కిలోమీటర్లు, మూడున్నర గంటలు. నలభై మందికి సామానుతో ఒకే బస్సు సుఖం. వంట సామాను మాత్రం ఒక చిన్న వ్యానులో, వంటవాళ్ళతో ముందు రోజే పంపండి. అందరూ ఒకేసారి దిగి ఆకలితో కూర్చుంటే, పొయ్యి వెలిగేలోపు శిబిరం మొదటి రోజే చికాకుగా మొదలవుతుంది.

ఘాట్ రోడ్డులో వాంతులకు ఏం చెయ్యాలి?

డెల్టా మనుషులం బల్లపరుపు నేలకు అలవాటు పడినవాళ్ళం, పదిమందిలో ఒకరిద్దరికైనా తిప్పుతుంది. బయల్దేరే పొద్దున పూరీలు, గారెలు పెట్టకండి. ఖాళీ కడుపూ మంచిది కాదు. ఘాట్ మొదలయ్యే రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు చాలు. వాంతి వచ్చేవాళ్ళను ముందు సీట్లలో కూర్చోబెట్టి దూరంగా కొండను చూడమనండి. ఫోను, పుస్తకం వద్దు. మాత్ర వేసుకునేవాళ్ళు అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే అదే బయటికొస్తుంది. దానికి మత్తు ఉంటుంది కాబట్టి డ్రైవరుకు ఇవ్వకూడదు, పిల్లలకు డాక్టరును అడిగే ఇవ్వాలి. చెవులు దిబ్బడేస్తే గుటక వేయడం, ఆవులించడం చాలు. ఈ ఎత్తులో ఊపిరాడని జబ్బేమీ రాదు, భయపడకండి.

ఏ పుస్తకం పెట్టుకోవాలి? వారంలో ఎంత చదవగలం?

శిబిరాలు చెడేది ఎక్కువగా ఇక్కడే. వారంలో గీత మొత్తం, 700 శ్లోకాలూ చదివేద్దామని మొదలుపెడతారు. మూడోరోజుకు చెప్పేవారికి గొంతు పోతుంది, వినేవాళ్ళకు ఏదీ గుర్తుండదు. తక్కువ తీసుకోండి, పూర్తిగా తీసుకోండి.

ఏడు రోజుల్లో వెళ్ళే రోజు, వచ్చే రోజు తీసేస్తే అయిదు నిండు రోజులు. గీత పన్నెండో అధ్యాయం, భక్తి యోగం, 20 శ్లోకాలు. రోజుకు నాలుగు. ఒక్కో శ్లోకానికి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు పెట్టుకుంటే గంటన్నర పాఠం సరిగ్గా సరిపోతుంది. పైగా ఆ అధ్యాయం తనంతట తానే రెండుగా విడిపోతుంది: మొదటి 12 శ్లోకాలు ఎలా ఉపాసించాలో చెబుతాయి, 13 నుంచి 20 వరకు భక్తుడి లక్షణాలు. మొదటి మూడు రోజులకు 12, తర్వాతి రెండు రోజులకు 8. మూడు రోజులే ఉండగలిగేవాళ్ళకు కూడా ఒక భాగం పూర్తిగా అందుతుంది. రెండోసారి చేసేవాళ్ళు రెండో అధ్యాయం చివర స్థితప్రజ్ఞుడి భాగం, 54 నుంచి 72 వరకు 19 శ్లోకాలు, తీసుకోవచ్చు. సంస్కృతం వద్దనుకుంటే భాగవతంలో ఒక్క ఘట్టం, గజేంద్ర మోక్షమో ప్రహ్లాద చరిత్రో, అందులోనూ రోజుకు ఆరేడు పద్యాలు.

పాఠం ఎలా చెప్పుకోవాలి?

పొద్దున ముందు సంత. గురువుగారు ఒక పాదం చెబితే అందరూ రెండుసార్లు అనాలి. పుస్తకం మూసి, చెవితో పట్టుకోవాలి. అనుష్టుప్పు ఛందస్సులో పాదానికి ఎనిమిదే అక్షరాలు, అరవై ఏళ్ళు దాటినవాళ్ళకు కూడా నోటికొస్తుంది. తప్పు పలికినవాళ్ళను అందరి ముందూ పేరు పెట్టి సరిదిద్దొద్దు, ఆ పాదం మళ్ళీ అందరితో అనిపిస్తే చాలు.

తర్వాత పదవిభాగం, అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం. ఈ వరస తప్పకండి. తాత్పర్యంతో మొదలుపెడితే అది ఉపన్యాసం అయిపోతుంది, శ్లోకం పక్కన పడిపోతుంది. వినేవాళ్ళు రాసుకోవడానికి నోటుబుక్కులో ఎడమ పేజీ పదాలకు, కుడి పేజీ సందేహాలకు. సందేహాలు పాఠం మధ్యలో అడగకూడదు, రాత్రి ప్రశ్నల గంటకు దాచుకోవాలి. ఇది కఠినంగా అనిపిస్తుంది కానీ, ఒక్కరి ప్రశ్న ముప్పై మంది గంటను మింగేయడం ఇలా ఆగుతుంది.

బృందంలో స్మార్తులూ వైష్ణవులూ ఉంటే ఏ వ్యాఖ్యానం అనుసరించాలన్నది ఇంటి దగ్గరే తేల్చుకోండి. ఒక వ్యాఖ్యానాన్ని మూలంగా పెట్టుకుని, తేడా వచ్చిన చోట రెండోది ఏమంటుందో గురువుగారు క్లుప్తంగా చెప్పడం మర్యాద. అద్వైతమా విశిష్టాద్వైతమా అన్న వాదం భోజనాల దగ్గరికి తేకండి.

రోజు ఎలా గడవాలి?

అయిదుకు లేవడం. అయిదున్నర నుంచి జపం, ధ్యానం, ఎవరి సంధ్యావందనం వాళ్ళది. ఆరుంబావుకు నడక, ఏడుకు సంత, ఎనిమిదికి ఫలహారం. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా పాఠం. లేచిన దగ్గర నుంచి ఫలహారం దాకా సంత తప్ప వేరే మాట లేకుండా మౌనం పాటిస్తే మంచిది, బలవంతం వద్దు. పన్నెండుకు భోజనం. పన్నెండున్నర నుంచి మూడు దాకా ఏమీ లేదు.

ఈ "ఏమీ లేదు" అన్నది ఖాళీ కాదు, పాఠమంత ముఖ్యం. నిర్వాహకులు ఆ రెండున్నర గంటలు చూడగానే భజనో, సన్మానమో, ఎవరిదో ప్రసంగమో అందులో దూరుస్తారు. దయచేసి వద్దు. ఇంట్లో తెల్లవారుజాము నుంచి వంటింట్లో నిలబడే తల్లులు, చేలో ఎండకు ఎండినవాళ్ళు ఇక్కడికి వచ్చారు. వాళ్ళకు పగటి నిద్ర దొరికితే సాయంత్రం చదువు పట్టుబడుతుంది, లేకపోతే ఏ గురువుగారు చెప్పినా పట్టుబడదు.

మూడున్నరకు విద్య, అయిదున్నరకు కాస్త తిరగడం, ఆరున్నరకు భజన, ఏడున్నరకు భోజనం, ఎనిమిదింబావుకు ప్రశ్నలు, తొమ్మిదికి దీపాలు ఆపడం. పెద్ద నడక పొద్దున్నే ఎందుకంటే, మేలో కొండల మీద మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి ఉరుములతో వాన పడుతుంది. మెరుపు కనిపించాక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పక్కా భవనంలోకి వెళ్ళాలి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము విన్న అరగంట దాకా బయటికి రాకూడదు.

మధ్యాహ్నం "విద్య" అంటే ఏమిటి?

మతం చదువు కాని చదువు. పద్యం ఎలా కట్టారో తెలుసుకోవడం బాగా పండుతుంది. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, యతి పదో అక్షరం. చంపకమాలకు 21, యతి పదకొండు. శార్దూలానికి 19, యతి పదమూడు. మత్తేభానికి 20, యతి పద్నాలుగు. గురువు అక్షరానికి చప్పట్లు, లఘువు అక్షరానికి చిటిక వేయిస్తే పిల్లలు రెండు రోజుల్లో పద్యాన్ని చెవితో పోల్చేస్తారు.

మబ్బు లేని రాత్రి ఆకాశం చూడండి. మేలో ఎనిమిది దాటాక ఉత్తరాన సప్తర్షులు, వసిష్ఠుడి పక్కన అరుంధతి, తూర్పున బాగా పైకెక్కిన స్వాతి, ఆగ్నేయంలో చిత్త కనిపిస్తాయి. కృత్తికలు ఎందుకు కనబడవని పిల్లలు అడుగుతారు. మే రెండో వారం నుంచి సూర్యుడు అక్కడే ఉంటాడు, దాన్నే మనం కృత్తిక కార్తె అంటాం. కార్తెలు చూసి విత్తనం వేసే ఇంటి పిల్లలకు ఇది తెలియాలి.

వంట, సరుకులు ఎంత?

నలభై మందికి లెక్క. బియ్యం పూటకు మనిషికి 150 గ్రాములు, అంటే ఆరు కిలోలు. కందిపప్పు మనిషికి 40 గ్రాములు, పూటకు 1.6 కిలోలు. పెరుగు, మజ్జిగకు రోజుకు పది లీటర్ల పాలు. తాగే నీళ్ళు మనిషికి నాలుగు లీటర్లు: రోజుకు ఇరవై లీటర్ల డబ్బాలు ఎనిమిది. వాడుక నీళ్ళు మనిషికి 60 లీటర్లయినా కావాలి, అంటే 2,400 లీటర్లు. బస చూడ్డానికి వెళ్ళినప్పుడు మంచాలకన్నా ముందు ట్యాంకు ఎంతో, మోటారు ఎన్ని గంటలు తిరుగుతుందో, కరెంటు పోతే ఏమిటో అడగండి. గ్యాసు 19 కిలోల వాణిజ్య సిలిండర్లు రెండు, అదనంగా ఒకటి.

అరకు ఎత్తులో నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. పప్పు మూత లేని గిన్నెలో ఉడకనంటుంది, కుక్కరు తీసుకెళ్ళండి. రాత్రి చల్లదనానికి ఇడ్లీపిండి మన ఊళ్ళోలా పొంగదు. రుబ్బడం సాయంత్రం కాకుండా మధ్యాహ్నమే కానిచ్చి, గిన్నెను గోనెసంచీలో చుట్టి వంటింటి వెచ్చటి మూలన పెట్టాలి. నూనె తక్కువ, తీపి తక్కువ. రోజూ పులిహోర, బూరెలు, గారెలతో పెళ్ళిభోజనం పెడితే పాఠంలో నిద్రపోతారు. కొత్తావకాయ, పెసరపప్పు, ఒక కూర, మజ్జిగ చాలు. కూరగాయలు, పనస, చిరుధాన్యాలు అక్కడి సంతలోనే కొనండి, బేరం గట్టిగా ఆడకండి.

మడి, నెలసరి సంగతి?

ప్రకటనలోనే స్పష్టంగా రాయండి, అక్కడికొచ్చాక తర్జనభర్జనలు వద్దు. మా సలహా: పాఠానికి ఎవరూ దూరం కాకూడదు. మడి కట్టుకునేవాళ్ళకు విడిగా ఒక పొయ్యి, రెండు గిన్నెలు, ఆరవేసుకోవడానికి ఒక తీగ ఏర్పాటు చేస్తే సరిపోతుంది. మరుగుదొడ్డి దగ్గర మూత ఉన్న చెత్తబుట్ట, రోజూ ఖాళీ చేసే మనిషి ఉండాలి.

పెద్దవాళ్ళకు ఏమేం చూడాలి?

బీపీ, షుగరు మాత్రలు ఏడు రోజులకు కాదు, పది రోజులకు తెచ్చుకోవాలి. ఇన్సులిన్‌కు బసలో ఫ్రిజ్ ఉందో లేదో ముందే అడగండి. కరెంటు ఎక్కువసేపు పోయే చోట తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీళ్ళు తగలకుండా డబ్బాలో పెట్టాలి. నేలమీద కూర్చోలేనివాళ్ళకు కుర్చీలు వెనక వరసలో కాదు, పక్క వరసలో వేయండి, అప్పుడు వినిపిస్తుంది. కమోడ్ ఉన్న గదులు వాళ్ళకే. స్వెట్టర్లు అక్కర్లేదు, పలచటి శాలువా, జారని చెప్పులు, టార్చిలైటు చాలు.

వాగుల్లో, జలపాతాల్లో స్నానం చేయొచ్చా?

పంపుల దగ్గరే చేయండి. గోదావరి ఈదినవాళ్ళమన్న ధైర్యమే ఇక్కడ ప్రమాదం. మన కాలువల అడుగున బురద, ఇక్కడ నాచు పట్టిన బండలు. కాలు జారితే తల బండకు తగులుతుంది. పైన ఎక్కడో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తూండగానే వాగు పెరుగుతుంది. నీళ్ళు మట్టిరంగుకు తిరిగితే ఆ క్షణమే ఒడ్డుకు రావాలి.

హోమం, మైకు?

హోమం బస యజమాని ఒప్పుకుంటే సిమెంటు వాకిట్లో, పక్కన రెండు బకెట్ల నీళ్ళతో. అడవిలో వద్దే వద్దు, మేలో రాలిన ఆకులు ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటాయి. నలభై మందికి మైకు అక్కర్లేదు. అక్కడి ఊరివాళ్ళకు వాళ్ళ దేవతలు, వాళ్ళ పండగలు ఉన్నాయి. మన భజన వాళ్ళ ఇళ్ళలోకి వినిపించాల్సిన పని లేదు. అడగకుండా ఫొటోలు తీయకండి.

ఏటా వెళ్తున్నాం కదా, అక్కడే కొంచెం స్థలం కొని ఆశ్రమం కట్టుకుంటే?

కుదరదు. అది షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు, అందరూ 1/70 చట్టం అనేది దాన్నే. గిరిజనేతరులు అక్కడ భూమి కొనలేరు, గిరిజనుల దగ్గరే కాదు, మరో గిరిజనేతరుడి దగ్గర కూడా. లీజు కూడా బదలాయింపు కిందికే వస్తుంది. ఎవరో గిరిజనుడి పేరు మీద రాయించుకుందామని దళారులు చెబుతారు. అది చెల్లదు, పైగా ఆ మనిషికి అన్యాయం. వారానికి గదులు తీసుకోండి, వచ్చేయండి.

తిరిగొచ్చాక జ్వరం వస్తే?

ఏజెన్సీలో మలేరియా ఉంది. అక్కడున్నన్ని రోజులూ దోమతెర కింద పడుకోవాలి, సాయంత్రం నుంచి నిండు చేతుల బట్టలు వేసుకోవాలి. దోమ కుట్టిన వారం తర్వాతే జ్వరం మొదలవుతుంది, కొందరికి నెల కూడా పట్టొచ్చు. కాబట్టి ఇంటికి వచ్చిన నెల రోజుల్లోపు చలిజ్వరం గానీ, మామూలు జ్వరం గానీ వస్తే, ఎండదెబ్బ అనుకుని పారాసిటమాల్‌తో ఊరుకోవద్దు. అదే రోజు రక్తపరీక్ష చేయించుకుని, ఏజెన్సీకి వెళ్ళొచ్చామని డాక్టరుకు మీరే చెప్పాలి, అమలాపురంలో కూర్చున్న డాక్టరుకు మీరు చెప్పకపోతే ఆ అనుమానం రాకపోవచ్చు. మొదటి పరీక్షలో ఏమీ లేదన్నా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ చేయించాలి. బృందంలో ఒకరికి తేలితే ఆ కబురు అందరికీ పంపండి.